షేల్ రాతి మీద ఏర్పడ్డ కొండ బంకనేల ఏ తరగతి?

మీరు చెప్పిన వివరాలు ఇవి: కొండవాలు, కింద షేల్ రాయి, ల్యాబ్ రిపోర్టులో బంక 46 శాతం, సీఈసీ (నేల కాటయాన్లను పట్టుకునే శక్తి) 17, ఎండాకాలంలో నెర్రెలు, వాన పడితే కాలు నిలవనంత జారుడు. మ్యాపులో ఇన్‌సెప్టిసాల్ (పొరలు ఇంకా సరిగ్గా కట్టని లేత నేల) అని ఉంది, రిపోర్టు రాసినవాళ్ళు అల్టిసాల్ (అడుగున బంక పేరుకుని, క్షారాలు తగ్గిన ముదురు నేల) అన్నారు, నెర్రెలు చూసి ఇంకొకరు వెర్టిసాల్ (తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకునే బంకనేల) అన్నారు. వీటిలో ఏది నిజం అని అడిగారు.

నేల సర్వే పనిలో షేల్ వాలుల మీద చాలా ఏళ్ళుగా గుంటలు తవ్వుతున్నాను. ఆ అనుభవంతో చెప్పేది ఒక్కటే. బంక శాతం చూసి ఈ నేలకు పేరు పెట్టకండి. ఆ బంక రాతిలోంచి నేరుగా వచ్చిందా, లేక పైపొర నుంచి నీటితో దిగి కింద పేరుకుందా అన్నది ముందు తేల్చండి. తరగతి మారేది అక్కడే.

షేల్ అంటే ఒకప్పటి బురద. ఒత్తిడికి గట్టిపడి, పేకముక్కల్లా పలకలుగా విడిపోయే రాయి అయింది. గ్రానైట్ మీద బంకనేల రావాలంటే ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాలు రసాయనికంగా మారి బంక ఖనిజాలు కావాలి, దానికి చాలా కాలం పడుతుంది. షేల్‌లో బంక ఖనిజాలు ముందే ఉన్నాయి. తడిసి, ఆరి, మళ్ళీ తడిస్తే చాలు, రాయి పొడిపొడిగా విడిపోయి బంకమన్ను అవుతుంది. అందుకే నిటారు వాలు మీద, ఇంకా సరిగ్గా పొరలు కూడా కట్టని లేత నేలలో సైతం 40 శాతం బంక కనిపిస్తుంది. గ్రానైట్ నేలలకు అలవాటుపడినవాళ్ళు ఇంత బంక చూడగానే ఇది బాగా ముదిరిన నేల అనుకుంటారు. షేల్ దగ్గర ఆ లెక్క పనిచేయదు.

ముందు నెర్రెల సంగతి తేల్చేద్దాం. నెర్రెలు విచ్చినంత మాత్రాన వెర్టిసాల్ కాదు. ఏ బంక ఖనిజం ఉందన్నది ముఖ్యం. భూమిలో లోతుగా పూడిపోయి వేడెక్కిన షేల్‌లో బాగా ఉబ్బే స్మెక్టైట్ ఖనిజం క్రమంగా ఇల్లైట్‌గా మారిపోతుంది. కాబట్టి పాత షేల్‌లలో ఎక్కువగా ఇల్లైట్, క్లోరైట్ ఉంటాయి. ఇవి స్మెక్టైట్ అంతగా ఉబ్బవు. మీ రిపోర్టులో సీఈసీ 17ను బంక 46తో భాగిస్తే 0.37 వస్తుంది. అమెరికా నేలల వర్గీకరణ పద్ధతి సాయిల్ టాక్సానమీలో 0.24 నుంచి 0.40 మధ్య ఉంటే సెమీయాక్టివ్, 0.60 దాటితే సూపర్‌యాక్టివ్. స్మెక్టైట్ ముఖ్య ఖనిజమైతే ఈ సంఖ్య చాలా పైకి వెళ్ళేది. మీది ఇల్లైట్, కయోలినైట్ కలిసిన నేల అనిపిస్తోంది. వెర్టిసాల్ అనాలంటే గుంట గోడలో స్లికెన్‌సైడ్లు, అంటే పెడ్డలు ఒకదాని మీద ఒకటి రాసుకుని ఏర్పడ్డ నున్నటి గాడుల ముఖాలు గానీ, ఒక వైపు సన్నబడే చీల ఆకారపు పెడ్డలు గానీ కనిపించాలి. పైనుంచి 100 సెం.మీ. లోపల మొదలయ్యే 25 సెం.మీ. మందం పొరలో అవి ఉండాలి. నెర్రెలు వెడల్పుగా లోతుగా ఉన్నా ఈ ముఖాలు అంత మందాన లేకపోతే వెర్టిక్ ఉపతరగతికి సరిపోతుందేమో చూడండి, అంతకు మించి వద్దు.

అన్ని షేల్‌లూ ఇలా ఉండవు. అమెరికాలోని పియర్ షేల్‌లో అగ్నిపర్వత బూడిద నుంచి వచ్చిన బెంటొనైట్ (స్మెక్టైట్ ఎక్కువున్న బంక) పొరలున్నాయి. దాని మీది నేలలు బాగా ఉబ్బుతాయి, బాగా కుంచించుకుపోతాయి. కాబట్టి షేల్ అన్న మాట దగ్గరే ఆగకుండా ఏ షేల్ అని అడగాలి.

ఇక ఇన్‌సెప్టిసాలా, అల్టిసాలా? ఇక్కడే పారతో పని. అడుగుపొరలో బంక పేరుకుందని, అంటే ఆర్జిలిక్ పొర ఉందని చెప్పాలంటే లెక్క ఒకటుంది. పైపొరలో బంక 15 నుంచి 40 శాతం మధ్య ఉంటే అడుగుపొరలో దానికి కనీసం 1.2 రెట్లు ఉండాలి. పైపొరలోనే 40 శాతం దాటితే కనీసం 8 శాతం ఎక్కువ ఉండాలి. అయితే లెక్క సరిపోయినా బంక కిందికి దిగిన ఆనవాలు కంట పడాలి. 10 రెట్లు పెద్దది చేసే చేతి లెన్స్ తీసుకుని పెడ్డల ముఖాల మీద, వేళ్ళు పోయిన సన్న రంధ్రాల లోపలి గోడల మీద బంక పూత ఉందేమో చూడండి.

షేల్ నేలలో ఈ పని కష్టం. మెరిసేదంతా బంక పూత కాదు. తడిసి ఉబ్బినప్పుడు పెడ్డలు ఒకదాన్నొకటి నొక్కుకుంటే ఆ ముఖాలూ మెరుస్తాయి. షేల్ పలకలకు సొంత మెరుపు ఎలాగూ ఉంటుంది. నేను నమ్మేది రంధ్రాలనే. నొక్కుడు వల్ల రంధ్రం లోపల పూత రాదు. పెడ్డను విరిచి చూసినప్పుడు పూత రంగు లోపలి మట్టి రంగుకు భిన్నంగా ఉండి, ఇసుక రేణువుల మీద కప్పినట్టు ఉంటే అది దిగి వచ్చిన బంకే.

ఇంకో తిరకాసు, నన్నడిగితే అన్నిటికంటే పెద్దది. కొండవాలు మీద మట్టి ఒకచోట ఉండదు. పైన ఇసుకరాయి గట్టు ఉంటే అక్కడి మన్ను జారి వచ్చి షేల్ మన్ను మీద కప్పేస్తుంది. అప్పుడు పైన 22 శాతం బంక, కింద 46 శాతం కనిపిస్తుంది. కాగితం మీద చూస్తే చక్కటి ఆర్జిలిక్ పొర. నిజానికి అవి రెండు వేర్వేరు మన్నులు, బంక ఎక్కడికీ దిగలేదు. రెండింటి మధ్య రాళ్ళ వరుస ఉందా, పై మన్నులో కింది రాతికి సంబంధం లేని ముక్కలున్నాయా చూడండి. ఇసుకలో ముతక, సన్న పాళ్ళు రెండు పొరల్లో బాగా తేడాగా ఉంటే అనుమానం బలపడుతుంది. అయితే జారి వచ్చిన మన్నులో కూడా తర్వాతి కాలంలో బంక దిగి ఉండొచ్చు, కాబట్టి చివరి మాట మళ్ళీ పూతదే.

పూత దొరికి ఆర్జిలిక్ అని తేలితే అల్టిసాలా ఆల్ఫిసాలా అన్నది క్షార సంతృప్తి, అంటే సీఈసీలో కాల్షియం, మెగ్నీషియం లాంటి క్షారాలు ఆక్రమించిన వాటా, చెబుతుంది. నిర్ణీత లోతులో, లేదా అంతకంటే ముందే రాయి తగిలితే దానికి సరిగ్గా పైన, 35 శాతం కంటే తక్కువైతే అల్టిసాల్, అంతకు మించితే ఆల్ఫిసాల్. ఈ 35 శాతం పీహెచ్ 8.2 దగ్గర కాటయాన్ల మొత్తం పద్ధతిలో తీసినది. చాలా ల్యాబ్‌లు పీహెచ్ 7 దగ్గర అమ్మోనియం అసిటేట్‌తో చేస్తాయి, ఆ పద్ధతిలో సంఖ్య ఎక్కువగా వస్తుంది. మీ రిపోర్టులో ఏ పద్ధతి రాశారో చూడకుండా ముందుకెళ్ళకండి.

ఇదంతా ఒకే కొండల వరుసలో ఎలా మారుతుందో అమెరికాలోని అపలాచియన్ కొండల్లో చూడొచ్చు. అక్కడ ఎర్రటి బంక షేల్ మీది అప్‌షర్ నేల ఆల్ఫిసాల్. షేల్, సిల్ట్‌రాయి, ఇసుకరాయి కలిసిన చోటి గిల్పిన్ నేల అల్టిసాల్. వీకర్ట్, బర్క్స్ నేలలు రాతి ముక్కలతో నిండిన ఇన్‌సెప్టిసాల్‌లు. కాబట్టి మీ మ్యాపు, రిపోర్టు రెండూ నిజమయ్యే అవకాశం ఉంది. కొండ భుజం మీద, అంటే వాలు మొదలయ్యే పైవంపులో, మన్ను కోసుకుపోతూ ఉంటుంది, పొర కట్టే తీరిక దానికి ఉండదు, ఇన్‌సెప్టిసాల్‌గానే మిగులుతుంది. దిగువన మన్ను చేరి నిలకడగా ఉంటుంది, నీరు కిందికి ఇంకుతుంది, బంక దిగుతుంది. మ్యాపులో ఒక ముక్కకు ఒక పేరు రాసినా వాలు పొడవునా నేల మారుతూనే ఉంటుంది.

అంతర్జాతీయ నేల వర్గీకరణ అయిన డబ్ల్యూఆర్‌బీ పద్ధతి కావాలంటే సీఈసీని బంకకు మాత్రమే లెక్కగట్టాలి. 17ను 0.46తో భాగిస్తే దాదాపు 37. హద్దు కిలో బంకకు 24 సెంటీమోల్‌లు, అది దాటింది కాబట్టి అక్రిసాల్, లిక్సిసాల్ కావు. ఆర్జిక్ పొర (ఆ పద్ధతిలో బంక ఎక్కువైన అడుగుపొర) ఉంటే అలిసాల్ లేదా లువిసాల్, లేకపోతే కాంబిసాల్ వైపు చూడాలి.

లోతు విషయంలో షేల్ ఇంకో రకంగా తికమక పెడుతుంది. గునపం తగలగానే రాయి అని రాసేయకండి. పారతో కష్టపడి తవ్వగలిగే మెత్తటి షేల్‌ను సీఆర్ పొర అంటాం, దాని పైఅంచు పారాలిథిక్ సంపర్కం. పార దిగని గట్టి రాయైతే లిథిక్. 50 సెం.మీ. లోపల లిథిక్ తగిలితే లిథిక్ ఉపతరగతి వస్తుంది, మెత్తటి షేల్‌కు ఆ పేరు రాదు. గులకల్లా కనిపించే ముక్కల్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. ఉదయానికి బురదైపోతే అవి రాళ్ళ లెక్కలోకి రావు. గట్టివి మిగిలి, ఘనపరిమాణంలో 35 శాతం దాటితే స్కెలిటల్, అంటే రాతి ముక్కలు ఎక్కువున్న నేలల, కుటుంబం.

ఆ 46 శాతాన్నీ నేను వెంటనే నమ్మను. షేల్ మన్నులో సన్నటి పలక ముక్కలు పరీక్షలో పూర్తిగా విడిపోకపోతే బంక తక్కువగా, సిల్ట్ ఎక్కువగా చూపిస్తుంది. మిక్సర్‌లో మరీ ఎక్కువసేపు తిప్పితే రాతి ముక్కలే నలిగి బంక పెరుగుతుంది. అందుకే 1500 కిలోపాస్కల్ ఒత్తిడి (మొక్కలు వాడిపోయే స్థాయి) దగ్గర నిలిచే నీటి శాతం కూడా అడగండి. మామూలుగా అది బంకలో 0.4 వంతు దగ్గర ఉంటుంది. 0.6 దాటితే బంక సరిగ్గా విడిపోలేదని అర్థం.

మీ షేల్ నల్లగా ఉంటే పీహెచ్ తప్పక చూడండి. నల్ల షేల్‌లో పైరైట్ ఉండొచ్చు. కొత్తగా కోసిన గట్టులో దానికి గాలి తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, పసుపు రంగు మరకలు కనిపిస్తాయి, పీహెచ్ 3.5 కిందికి కూడా పోతుంది.

వాలు మీద ఏదైనా కట్టే ఆలోచన ఉంటే తరగతి పేరు కంటే షేల్ పలకల వంపు ముఖ్యం. పలకలు వాలు దిక్కుకే వంగి ఉంటే నీరు ఇంకి మెత్తటి రాతి మీద నిలిచి పై మన్నును జార్చే ప్రమాదం ఎక్కువ. అలాంటి చోట అడుగున కోత పెట్టే ముందు జియోటెక్నికల్ ఇంజినీరును పిలవండి, నేల సర్వే చేసేవాళ్ళ మాట సరిపోదు.

రెండు గుంటలు తవ్వండి, ఒకటి భుజం మీద, ఒకటి దిగువన. గోడను కత్తితో గీకి కొత్త ముఖం తేల్చాకే ఫొటో తీయండి, పార నునుపు చేసిన ముఖం మీద పూత తెలియదు. పక్కన టేపు పెట్టి, విరిచిన పెడ్డ ముఖాన్ని దగ్గరగా ఇంకో ఫొటో తీసి ఇక్కడ పెడితే పూత ఉందో లేదో చూసి చెబుతాను.