రెండూ ఆరుకు ఆరే, మరి తేడా ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతూ సెలవు రోజుల్లో స్నేహితులతో మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతుంది. పక్కన కూర్చుని చూసి నేనూ కొంత నేర్చుకున్నాను. మొన్న వాళ్ల కార్డుల్లో రెండు క్రీచర్లు నా కంటబడ్డాయి. ఒకటి కొలోసల్ డ్రెడ్‌మా అనే డైనోసార్, రెండోది ప్రైమీవల్ టైటన్ అనే మహాకాయుడు. రెండింటికీ ఖర్చు ఆరు మానాయే (కార్డు ఆడటానికి చెల్లించే శక్తి), రెండింటి మూలనా 6/6 అనే ఉంది, రెండింటికీ ట్రాంపుల్ (అడ్డొచ్చిన క్రీచర్‌ను తొక్కగా మిగిలిన దెబ్బ ఆటగాడికి తగిలించే శక్తి) ఉంది. అయినా మొదటిదాన్ని చూసి అందరూ నవ్వుతారు, రెండోదాన్ని ప్లాస్టిక్ తొడుగు వేసి దాచుకుంటారు. క్రీచర్ కార్డు మంచిచెడ్డలను ఆటగాళ్లు అసలు దేన్ని బట్టి తేలుస్తారు?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: మీ కంటబడిన జోడీ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం, ఎందుకంటే ఆ రెండు కార్డులకు మానా రంగులు కూడా ఒకటే: రెండు ఆకుపచ్చ మానా, వాటితోపాటు ఏ రంగువైనా మరో నాలుగు. టైటన్ 2010లో ‘మ్యాజిక్ 2011’ సెట్‌తో వచ్చింది. డ్రెడ్‌మా 2017లో ఇక్సలాన్ సెట్‌లో, ప్యాకెట్లు విప్పినప్పుడల్లా తగిలే కామన్ కార్డుగా వచ్చింది. వాటి మధ్య ఉన్న తేడా అంతా ఒక్క వాక్యంలో ఉంది. టైటన్ బల్ల మీదికి వచ్చినప్పుడు గానీ, దాడికి దిగినప్పుడు గానీ, దాన్ని ఆడినవారు తమ డెక్ వెతికి మానా ఇచ్చే ల్యాండ్ కార్డుల్లో తమకు నచ్చిన రెండింటిని తీసి, ట్యాప్ అయిన (వాడేసినట్టు పక్కకు తిప్పిన) స్థితిలో బల్ల మీద పెట్టుకోవచ్చు.

కొత్తవారి చూపు ముందుగా కార్డు కుడి మూలన ఉన్న పవర్ (ఎంత దెబ్బ కొడుతుంది), టఫ్‌నెస్ (ఎంత దెబ్బకు చస్తుంది) అంకెల మీద పడుతుంది. అనుభవం ఉన్నవారు ముందుగా వేసుకునే ప్రశ్న వేరు: నేను దీన్ని దింపిన వెంటనే ఎదుటివారు చంపేస్తే నాకు మిగిలేదేమిటి? హేస్ట్ లేని క్రీచర్ వచ్చిన టర్న్‌లోనే దాడి చేయలేదు కనుక, దాన్ని తొలగించడానికి ఎదుటివారికి దాదాపు ఎప్పుడూ ఒక టర్న్ సావకాశం ఉంటుంది. డూమ్ బ్లేడ్ అనే కార్డు రెండే మానాకు, నలుపు కాని ఏ క్రీచర్‌నైనా నాశనం చేస్తుంది. మీ అమ్మాయి ఆరు మానా ఖర్చు పెట్టి డ్రెడ్‌మాను దింపితే, స్నేహితురాలు రెండు మానాతో దాన్ని పడగొట్టి, మిగిలిన మానాతో తన పని తాను చూసుకుంటుంది. లెక్కకు ఒక కార్డుకు ఒక కార్డు చెల్లిపోయినట్టే ఉంటుంది గానీ, నిజానికి ఒక టర్న్ మొత్తం వృథా అయింది. అదే డూమ్ బ్లేడ్ టైటన్ మీద పడితే, టైటన్ పోయినా అది తెచ్చిన రెండు ల్యాండ్లు ఎక్కడికీ పోవు.

ఆ ల్యాండ్లతో ఏం చేస్తారనేది మీ అమ్మాయిని అడిగితే ఉత్సాహంగా చెబుతుంది. వాలకుట్ అనే ల్యాండ్ ఉంది. అది బల్ల మీద ఉండగా మీ వైపు ఒక మౌంటెన్ (ఎరుపు మానా ఇచ్చే ల్యాండ్) వచ్చి, అది కాక మరో ఐదు మౌంటెన్లు ఉంటే, వాలకుట్ 3 పాయింట్ల దెబ్బ కొట్టగలదు. వాలకుట్‌తోపాటు ఐదు మౌంటెన్లు పరిచి ఉన్నవారు (ఆకుపచ్చ మానా కూడా ఇచ్చే మౌంటెన్లు ఉన్నాయి లెండి) టైటన్‌ను దింపి మరో రెండు మౌంటెన్లను తెచ్చారంటే, టైటన్ ఇంకా అడుగు కదపకుండానే 6 పాయింట్ల దెబ్బ తగిలింది. తర్వాతి టర్న్‌లో అది దాడికి దిగితే ఇంకో 6, దాని మీద దాని సొంత 6. ఇరవై ప్రాణాలతో మొదలయ్యే ఆటలో ఇది ఎంత పెద్ద మొత్తమో వేరే చెప్పనక్కర్లేదు. కమాండర్ అనే పద్ధతిలో 2012లో టైటన్‌ను నిషేధించారు. డ్రెడ్‌మాను నిషేధించాలని ఎవరికైనా తోచి ఉంటుందంటే అది సరదాకే అయి ఉంటుంది.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. ఎదుటివారు కౌంటర్‌స్పెల్ వేసి టైటన్‌ను అసలు బల్ల మీదికే రానివ్వకపోతే ల్యాండ్లూ రావు. అప్పుడు మాత్రం రెండూ నిజంగా సమానమే.

ఆటగాళ్ల మాటల్లో మీకు బేన్‌స్లేయర్, మల్‌డ్రిఫ్టర్ అనే పేర్లు వినిపించవచ్చు. బేన్‌స్లేయర్ ఏంజెల్ 2009 నాటిది. ఐదు మానాకు 5/5, ఎగురుతుంది, పోరులో ముందుగా కొడుతుంది, కొట్టినంత ప్రాణం తిరిగి ఇస్తుంది. 1993లో ఆట మొదలైనప్పుడు అదే ఖర్చుకు సెర్రా ఏంజెల్ అనే 4/4 దేవత దొరికేది, దాన్నే అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. 2007 నాటి మల్‌డ్రిఫ్టర్ కూడా ఐదు మానాదే, కానీ వట్టి 2/2. వచ్చీరాగానే రెండు కార్డులు చేతికిస్తుంది. బేన్‌స్లేయర్ బతికితే ఒంటిచేత్తో ఆట గెలిపిస్తుంది, చస్తే ఏమీ మిగల్చదు. మల్‌డ్రిఫ్టర్ చచ్చినా దాని పని అప్పటికే అయిపోయి ఉంటుంది. కొత్త కార్డు ఏది బయటికి వచ్చినా ఇది ఏ కోవకు చెందుతుందని ఆరా తీయడం అలవాటుగా మారింది. నా ఉద్దేశంలో ఆ అలవాటు కొంత శ్రుతి మించింది కూడా. ‘డూమ్ బ్లేడ్‌కు చస్తుంది’ అన్న ఒక్క మాటతో మంచి కార్డులను కొట్టిపారేసేవారు, చావని క్రీచర్ లేదని మరిచిపోతారు. ఎదుటివారి చేతిలో సమయానికి జవాబు లేకపోతే బేన్‌స్లేయర్ కొద్ది టర్న్‌లలోనే ఆట ముగించేస్తుంది. కాబట్టి చస్తుందా అని కాక, దాన్ని చంపడానికి వాళ్లు ఎంత ఖర్చు పెట్టాలి, ఆ ఖర్చు మనం పెట్టినదాని కంటే ఎక్కువా తక్కువా అని అడగడం న్యాయం.

డ్రెడ్‌మా పట్ల కూడా కొంత న్యాయంగా ఉందాం. అందరూ ప్యాకెట్లు విప్పి, ఒక్కో కార్డు ఎంచుకుని మిగిలినవి పక్కవారికి అందిస్తూ, అలా పోగైన వాటితోనే నలభై కార్డుల డెక్ కట్టుకునే డ్రాఫ్ట్ ఆటలో అది పనికిరాని కార్డు కాదు. డ్రాఫ్ట్ ఆడేవారు ఒక కార్డును నాలుగు సందర్భాల్లో ఊహించి చూస్తారు: ఆట ఆరంభంలో, మనం ముందంజలో ఉన్నప్పుడు, వెనకబడ్డప్పుడు, ఇద్దరూ ఒకరినొకరు కదలనివ్వక నిలిచిపోయినప్పుడు. ఆరంభంలో డ్రెడ్‌మా చేతిలో బరువు మాత్రమే, వెనకబడ్డప్పుడు అది ఆలస్యంగా వచ్చే సాయం. కానీ రెండు వైపులా చిన్న క్రీచర్లు బారులు తీరి ఎవరూ దాడికి సాహసించని వేళ, అడ్డొచ్చినదాన్ని తొక్కి మిగతా దెబ్బను ఎదుటి ఆటగాడికే తగిలించే 6/6 దిగితే ఆ ప్రతిష్టంభన అక్కడితో తెగిపోతుంది.

ప్రశ్న: మ్యాజిక్ ఆటలో నా టార్మొగోయిఫ్ అనే క్రీచర్ 2/3గా ఉండగా మిత్రుడు లైట్నింగ్ బోల్ట్ అనే కార్డు వేసి, 3 పాయింట్ల దెబ్బకు అది చచ్చిందన్నాడు. చావలేదని నేనన్నాను. ఎవరిది ఒప్పు? ఒకప్పుడు వందల డాలర్లు పలికిన ఈ కార్డు ఇప్పుడు కొనదగినదేనా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: గ్రేవ్‌యార్డ్‌లలో (వాడేసిన, చచ్చిన కార్డులు చేరే కుప్పల్లో) అప్పటికి ఏమున్నాయో మీరు రాయలేదు, తీర్పు దాని మీదే ఆధారపడి ఉంటుంది. రెండే మానాకు దిగే ఈ క్రీచర్ పవర్, ఇద్దరి గ్రేవ్‌యార్డ్‌లలో కలిపి ఎన్ని రకాల (క్రీచర్, ల్యాండ్, సోర్సరీ, ఇన్‌స్టంట్ వంటి) కార్డులున్నాయో అంత. టఫ్‌నెస్ దానికి ఒకటి ఎక్కువ. అక్కడున్న రెండు రకాలు ఒక ల్యాండ్, ఒక సోర్సరీ అనుకుందాం. బోల్ట్ దెబ్బ కొట్టిన తర్వాత, తన పని ముగించుకుని తానూ గ్రేవ్‌యార్డ్‌కు చేరుతుంది. క్రీచర్ చచ్చిందో లేదో నియమాల ప్రకారం చూసేది ఆ తర్వాతే. బోల్ట్ ఇన్‌స్టంట్ కనుక రకాలు మూడవుతాయి, టార్మొగోయిఫ్ 3/4 అవుతుంది, 3 పాయింట్ల దెబ్బతో బతికిపోతుంది. అంతకుముందే అక్కడ ఒక ఇన్‌స్టంట్ ఉండి ఉంటే మాత్రం మీ మిత్రుడి మాటే నిజం.

ఇక కొనడం గురించి. 2007లో ఫ్యూచర్ సైట్ సెట్‌లో ఇది వచ్చినప్పుడు, అందులోని వివరణలో అప్పటికి ఒక్క కార్డూ లేని ప్లేన్స్‌వాకర్ అనే రకాన్ని కూడా పేర్కొన్నారు. టార్మొగోయిఫ్ బలం ఆ తర్వాతే ఆటగాళ్లకు తెలిసొచ్చింది. 2015లో లాస్ వెగాస్ గ్రాండ్ ప్రి అనే పెద్ద పోటీలో చివరి ఎనిమిది మంది డ్రాఫ్ట్ చేస్తుండగా, ఒక ఆటగాడు తన డెక్‌కు పనికొచ్చే కార్డును వదిలి మెరుపు కాగితపు టార్మొగోయిఫ్‌ను తీసుకోవడం పెద్ద దుమారమైంది. ఆ కార్డు తర్వాత వేలంలో 14,900 డాలర్లకు అమ్ముడుపోయింది. ఆటకు విలువ, అంగడిలో విలువ వేర్వేరని అతనికి బాగా తెలుసు. తప్పుపట్టినవారితో నేను ఏకీభవించను. 2017 జనవరిలో ఫేటల్ పుష్ వచ్చింది. ఒకే ఒక్క నలుపు మానాతో, రెండు మానా లేదా అంతకంటే తక్కువ ఖర్చున్న క్రీచర్ ఎంత పెద్దదైనా అది నాశనం చేస్తుంది. టార్మొగోయిఫ్ మీద ఒక్క అక్షరం మారకపోయినా, రెండే మానా ఖర్చు అనే దాని గొప్పతనమే దానికి ముప్పుగా మారింది. పునర్ముద్రణలు కూడా జరగడంతో ధర బాగా దిగింది. కాబట్టి మళ్లీ పెరుగుతుందన్న ఆశతో కొనకండి. మీ బృందంలో నలుపు డెక్‌లు ఆడేవారు తక్కువైతే, ఆడుకోవడానికి నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు.