పది రోజులకే మాత్రలు మానేశా.. మళ్లీ వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 29. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు నెలలుగా దిగులు, గుండెదడ. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. సైకియాట్రిస్ట్ ఉదయానికి ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ, రాత్రికి క్లోనాజెపామ్ 0.25 ఎంజీ రాశారు. వికారం, కంగారు ఎక్కువై పదో రోజు రెండూ మానేశాను. మొదలుపెడితే జీవితాంతం వాడాల్సిందేనని అమ్మ భయపడుతోంది. ఏం చేయమంటారు?
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: దిగులు, ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్‌తో వచ్చే ఇబ్బందులు ముందు కనిపిస్తాయి, గుణం ఆలస్యంగా తెలుస్తుంది. వికారం, తలనొప్పి, కంగారు తొలి ఒకటి రెండు వారాల్లోనే ఎక్కువ. దిగులు తగ్గడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీరు సరిగ్గా ఆ మధ్యలో ఆపేశారు. ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి 5 ఎంజీతో మొదలుపెట్టి, వారం తర్వాత 10కి పెంచుతుంటాం. అలా కుదురుతుందేమో మీ డాక్టర్‌నే అడగండి. టిఫిన్ తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది.

అమ్మగారి భయం సబబే, కాకపోతే అది రెండో మాత్ర గురించి ఉండాల్సింది. అలవాటు పడేది కంగారు తగ్గించి నిద్ర పట్టించే క్లోనాజెపామ్‌కు. దాన్ని రెండు నుంచి నాలుగు వారాలు మించి సాగదీయకూడదు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ కొనడంతోనే చిక్కు మొదలవుతుంది. మద్యంతో కలిస్తే ప్రమాదం. మత్తు తెల్లారినా వదలకపోతే బండి తీయొద్దు.

ఎస్సిటలోప్రామ్‌పై అలాంటి యావ పుట్టదు. కోలుకున్నాక మరో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, కొన్ని వారాల పాటు డోసు తగ్గిస్తూ ఆపుతాం. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు వస్తాయి. పది రోజులే వాడారు కాబట్టి మీకా బెడద పెద్దగా ఉండదు. లైంగిక కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం మాత్రం వాడినన్నాళ్లూ ఉండొచ్చు. రోగులు అడగడానికి మొహమాటపడతారు, మేమూ చాలాసార్లు దాటేస్తాం. మీరు అడగండి.

దిగులు స్వల్పంగా ఉంటే మాత్ర లేకుండా ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్‌తోనే ప్రయత్నించవచ్చు. మూడు నెలలుగా నిద్ర కూడా చెడింది కాబట్టి మీకు రెండూ కలిపితేనే మేలని నా అభిప్రాయం. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించుకోండి. ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట తెలియక, విపరీతమైన హుషారుతో చేతికందినంత ఖర్చుపెట్టిన రోజులున్నాయా? ఉంటే తప్పక చెప్పాలి. అది బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు) అయితే ఈ మాత్ర ఒక్కటే ఇవ్వడం బెడిసికొడుతుంది. ట్రమడాల్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడుతున్నా దాచొద్దు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే ఇంట్లో చెప్పి దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.