బ్యాటు కబుర్లు: హైబ్రిడ్ రబ్బర్లూ, బూస్టర్ పిచ్చీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం టేబుల్ టెన్నిస్ బ్యాటు రబ్బరుకి పూసే బూస్టర్ గురించే, అందుకే మిగతావి పక్కనపెట్టి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: సార్, మూడేళ్లుగా ఫోర్‌హ్యాండ్‌కి డీహెచ్ఎస్ కంపెనీ చైనా రబ్బరు హరికేన్ 3 వాడుతున్నా. నెలన్నరకోసారి రబ్బరు పీకడం, బూస్టర్ పూయడం, ఆరేదాకా బ్యాటు లేకుండా కూర్చోవడం, మళ్లీ అతికించడం, విసుగొచ్చేసింది. మా క్లబ్‌లో ఒకతను టిబార్ కంపెనీ హైబ్రిడ్ రబ్బరు కే3 వేసి "దీనికి బూస్టర్ అక్కర్లేదు" అంటాడు, ఇంకొకతను అదే కే3కి రెండు పొరలు పూసి "ఇప్పుడు చూడు మజా" అంటాడు. ఎవరి మాట వినాలి? పూస్తే కే3 హరికేన్‌లా ఆడుతుందా?

జవాబు: మొదటతని మాట వినండి. రెండో అతన్ని మాత్రం ఓ రెండు నెలలాగి మళ్లీ అడగండి, అప్పుడు ఏమంటాడో చూద్దాం.

అసలు బూస్టర్ చేసే పనేంటో తెలిస్తే మీకే అర్థమైపోతుంది. బూస్టర్ అంటే ఎక్కువగా ఒక రకం నూనె, ఫాల్కో గానీ హైఫూ గానీ ఏ బ్రాండైనా. రబ్బరు కింది పొర అయిన స్పాంజి ఆ నూనె తాగి వానకి తడిసిన చెక్క తలుపులా ఉబ్బుతుంది, పైనున్న టాప్‌షీట్, అంటే బాల్ తగిలే పొర, మాత్రం అంత ఉబ్బదు, అందుకే పూసిన కాసేపటికి రబ్బరు స్పాంజి వైపు గుమ్మటంలా లేస్తుంది. దాన్ని తీసుకొచ్చి బ్లేడ్ (బ్యాటు చెక్క) మీద చదునుగా అతికించామంటే పెద్దదైన స్పాంజి టాప్‌షీట్‌ని నాలుగు వైపులా లాగి పట్టుకుంటుంది, డోలు తోలు బిగించినట్టు. స్పాంజేమో మెత్తబడింది, టాప్‌షీట్ బిగిసింది, దాంతో బాల్ కాస్త లోపలికి దిగి గట్టిగా తన్నుకొస్తుంది, బాల్ వెళ్లే వంపు (ఆర్క్) పైకి వెళ్తుంది, మనకిష్టమైన ఆ "టక్" సౌండూ వస్తుంది.

ఇక హరికేన్ 3 సంగతి, మామూలుగా దొరికేది. దాని స్పాంజి గట్టిది, రంధ్రాలు సన్నవి, దానంతట అది బాల్‌ని తన్నేది తక్కువ. టాప్‌షీట్ మాత్రం బాగా జిగట. అంటే అది సగం వండిన సరుకు లాంటిది, మిగతా సగం మీరు బూస్టర్‌తో పూర్తి చేసుకోవాలి. అందుకే దానికి పూస్తే అంత తేడా తెలుస్తుంది. హరికేన్‌లోనే నియో అని ఉన్నవైతే ఫ్యాక్టరీలోనే కొంత ట్యూన్ చేసి ఇస్తారు, అయినా జనం మళ్లీ పూస్తూనే ఉంటారు, అది వేరే కథ.

హైబ్రిడ్ పుట్టిందే ఈ తలనొప్పి తీర్చడానికి. 2008 సెప్టెంబర్ 1 నుంచి వీఓసీలు, అంటే ఆవిరై గాల్లో కలిసే రసాయనాలు, ఉన్న స్పీడ్ గ్లూ (బూస్టర్‌లాగే స్పాంజిని ఉబ్బించే జిగురు) బంద్ అయింది, 2014లో సెల్యులాయిడ్ బాల్ పోయి ప్లాస్టిక్ 40+ బాల్ వచ్చింది, స్పిన్ తగ్గింది, దాంతో గట్టి స్పాంజి, జిగట టాప్‌షీట్ ఉన్న రబ్బర్లకి గిరాకీ పెరిగింది, కానీ ప్రతి నెలా నూనె పూసుకునే ఓపిక అందరికీ ఉండదు కదా. అప్పుడు కంపెనీలు ఏం చేశాయంటే చైనా తరహా జిగట టాప్‌షీట్‌ని తీసుకొచ్చి, ముందే టెన్షన్ ఎక్కించిన పెద్ద రంధ్రాల స్పాంజి మీద కూర్చోబెట్టాయి. కే3, ఆండ్రో రాసాంటర్ సీ53, డోనిక్ బ్లూగ్రిప్ వరస, జియోమ్ జెకిల్ అండ్ హైడ్ సీ వరస, బటర్‌ఫ్లై డిగ్నిక్స్ 09సీ, అన్నీ ఈ దారిలోవే. జర్మనీ స్టార్ టిమో బోల్ లాంటివాడు కూడా 09సీ వాడాడంటే ఇది ఏదో చవకబారు సర్దుబాటు కాదని అర్థమవుతుంది కదా.

అంటే మీరు హరికేన్‌కి పూసి తెచ్చుకునే బిగింపు హైబ్రిడ్‌లో ముందే ఉంది. బిగిసున్నదాన్ని ఇంకా బిగిస్తే? ఒక పల్చటి పొర వేస్తే స్పాంజి కాస్త మెత్తబడి లూప్ (స్పిన్ ఇచ్చి పైకి లాగే షాట్) కొంచెం తేలిక అవుతుంది, దాన్ని నేను కాదనను. రెండో పొర వేశారో టాప్‌షీట్ మరీ సాగిపోతుంది, పుష్ (మెల్లగా కోసి నెట్టే షాట్) చేస్తే బాల్ టేబుల్ అవతలికి పొడుగ్గా వెళ్తుంది, సర్వీస్ రిసీవ్‌లో పొట్టిగా వేద్దామంటే లేచి కూర్చుంటుంది, ఒక్కోసారి జిగట కూడా తగ్గిపోతుంది, అంటే మీరు హైబ్రిడ్ కొన్నదే దేనికోసమో అదే పోగొట్టుకుంటారు. హరికేన్‌లా మాత్రం ఆడదు, దాని ఆ మొండి గట్టితనం వేరు, చిన్న ఆటలో బాల్ చచ్చినట్టు పడే గుణం వేరు, అది నూనెతో వచ్చేది కాదు.

నేనూ ఈ తప్పు చేశానండి, దాచుకోవడమెందుకు. ఒక హైబ్రిడ్‌కి (పేరెందుకులెండి, తప్పు నాదే) ఆశపడి మూడు పొరలు పూశా. రెండు వారాలు స్వర్గం, నాలుగో వారానికి బ్యాటు మధ్యలో బుడగ, టాప్‌షీట్ స్పాంజి నుంచి ఊడిపోయింది. ఏడాదిలో సగం ఆడాల్సిన రబ్బరు నెలకే చెత్తబుట్టలోకి పోయింది.

ప్రశ్న: కే3 మీద స్పాంజి గట్టిదనం 53 అని ఉంది, 09సీకి 44 అంటారు, హరికేన్ 39 అంటారు. అంటే కే3 అన్నిటికంటే గట్టిదా? నేను కొంచెం మెల్లగా ఆడేవాణ్ణి, దేంతో మొదలుపెట్టాలి?

జవాబు: ఈ నంబర్లు చూసి మోసపోనివాళ్లు తక్కువ, నేను కూడా మొదట్లో పోయినవాణ్ణే. ఒక్కో కంపెనీది ఒక్కో కొలబద్ద. కే3 మీది 53 జర్మనీలో ఈఎస్ఎన్ ఫ్యాక్టరీ లెక్క, 09సీ మీది 44 బటర్‌ఫ్లై సొంత లెక్క, హరికేన్ 39 డీహెచ్ఎస్ లెక్క. ఒక ఉజ్జాయింపు కావాలంటే బటర్‌ఫ్లై లెక్కలో 36 ఉన్న టెనర్జీ 05 రబ్బరు ఈఎస్ఎన్ లెక్కలో సుమారు 47కి దగ్గరగా ఉంటుంది, దాన్నిబట్టి 09సీ కూడా యాభై దాటినదే అని చెప్పుకోవచ్చు. 39 హరికేన్ పూయకుండా చేతిలోకి తీసుకుంటే ఆ రెండింటికన్నా మొండిగానే అనిపిస్తుంది, నంబరు చిన్నదైనా సరే.

పైగా గట్టిదనం ఒక్క స్పాంజిలోనే ఉండదు. టాప్‌షీట్ మందం, దాని కింద ఉండే పింపుల్స్ (చిన్న బొడిపెలు) ఎంత లావు, ఎంత దగ్గరగా ఉన్నాయి, అన్నీ కలిస్తేనే చేతికి తగిలే అనుభవం.

మెల్లగా ఆడతానన్నారు కాబట్టి కే3తోనో 09సీతోనో మొదలుపెట్టకండి, అవి చేయి విసిరేవాళ్లకి. మీ స్వింగ్‌లో వేగం లేకపోతే బాల్ స్పాంజిలోకి దిగదు, దిగకపోతే అది ఖరీదైన చెక్కబల్ల అంతే. అప్పుడేమో "దీనికి బూస్టర్ కావాలి" అనిపిస్తుంది, నాకు తెలిసి హైబ్రిడ్‌కి పూసేవాళ్లలో చాలామంది ఇలా తమ స్థాయికి మించిన గట్టి రబ్బరు కొని దాన్ని నూనెతో మెత్తబరుచుకోడానికి చూసేవాళ్లే. నేరుగా మెత్తటిదే కొనుక్కోవచ్చు కదా! యసాకా రాక్జా జెడ్, లేదా రాసాంటర్ సీ వరసలోనే సీ48, సీ45 చూడండి. జిగట ఉంటుంది, బ్లాక్ చేస్తే బాల్ నెట్‌లోకి చావదు, లూప్‌కి పెద్ద స్వింగ్ అడగదు. ఓ ఆరు నెలలు ఆడి, బాల్ బ్లేడ్ దాకా దిగిపోతోంది, గట్టిగా కొడితే పవర్ మిగలడం లేదు అనిపించినప్పుడు పైకి వెళ్లండి.

ప్రశ్న: బూస్టర్ రూల్‌కి వ్యతిరేకమా కాదా? టోర్నమెంట్‌లో పట్టుకుంటారా? టాప్ ప్లేయర్లే వాడతారంటారు.

జవాబు: వ్యతిరేకమే, ఇందులో గొణుగుడేమీ లేదు. ఐటీటీఎఫ్ (అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య) రూల్ ప్రకారం రబ్బరుని ఎలా కొన్నామో అలాగే వాడాలి, భౌతికంగా గానీ రసాయనంగా గానీ ఇంకోలా గానీ ఏ ట్రీట్‌మెంటూ చేయకూడదు. ఫ్యాక్టరీలో చేసింది చెల్లుతుంది, మనం ఇంట్లో చేసింది చెల్లదు. ఇది ఎంతవరకు న్యాయం అంటే నన్నడగకండి, రెండూ ఒకే నూనె వాసన కొడతాయి మరి.

పట్టుకోవడమంటే, బ్యాట్లు తనిఖీ చేసే కంట్రోల్ టేబుల్ దగ్గర చూసేవి ముఖ్యంగా మూడు: వీఓసీ ఉందా అని మీటర్, రబ్బరు మందం, చదును. ఇప్పటి నూనె బూస్టర్లు మీటర్‌కి చాలావరకు దొరకవు, దొరికేది మందంలోనే. జిగురుతో కలిపి సాండ్‌విచ్ రబ్బరు (స్పాంజి, టాప్‌షీట్ కలిసినది) మొత్తం 4 మి.మీ. దాటకూడదు. మ్యాక్స్ మందం తీసుకుని దానికి రెండు పొరలు పూసి పైన గ్లూ కూడా దట్టంగా వేస్తే గీత దాటేస్తుంది. మ్యాచ్ అయ్యాక టెస్ట్ చేసి ఫెయిలైతే గెలిచిన మ్యాచ్ కూడా పోవచ్చు. ఇంకో సంగతి, కొత్త రబ్బరు ప్యాకెట్ విప్పగానే అతికించేయకుండా 72 గంటలు గాలికి వదిలేయండి, ఫ్యాక్టరీ వాసన పోతుంది, ఏమీ పూయనివాళ్లు అనవసరంగా మీటర్‌కి దొరికే బాధ తప్పుతుంది.

క్లబ్‌లో సరదాగా ఆడుకునేవాళ్లని ఎవరూ అడగరు, అది మీ మనస్సాక్షికి వదిలేస్తున్నా.

ప్రశ్న: అన్నా, నా హైబ్రిడ్ ఐదు నెలలదైంది, టాప్‌షీట్ బాగానే ఉంది, జిగట కూడా ఉంది కానీ చచ్చిపోయినట్టు ఆడుతోంది. టోర్నమెంట్లు ఆడను. ఒక్క పొర వేసి చూడనా?

జవాబు: తమ్ముడూ, హైబ్రిడ్‌కి బూస్టర్ నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉంటే ఈ ఒక్క సందర్భమే. ఫ్యాక్టరీ టెన్షన్ వదిలిపోయింది, స్పాంజి కుంచించుకుంది, పారేసేముందు ఒక ప్రయత్నం చేస్తే పోయేదేమీ లేదు. ముందు పాత గ్లూ పొర మొత్తం వేలితో రుద్ది తీసెయ్, స్పాంజి చిరక్కుండా మెల్లగా. ఒకే ఒక పల్చటి పొర, అంచుల దాకా సమానంగా. గుమ్మటంలా లేస్తుంది, కంగారు పడొద్దు, ఒక రోజంతా వదిలేయ్, కొంచెం దిగుతుంది. తర్వాత వాటర్ గ్లూ రబ్బరుకీ బ్లేడ్‌కీ వేసి, తెల్లగా ఉన్నది పూర్తిగా పారదర్శకం అయ్యాకే అతికించు. చాలామంది ఇక్కడే తొందరపడతారు, అంచు లేచేది అందుకే.

రబ్బరు ఉబ్బి పెద్దదవుతుంది కాబట్టి బ్లేడ్ అంచు దాటి వస్తుంది, అంచుకి సరిగ్గా కోసెయ్యకు, ఒకట్రెండు మిల్లీమీటర్లు వదిలెయ్. బూస్టర్ దిగిపోయాక అది వెనక్కి కుంచించుకుంటుంది, సరిగ్గా కోసినవాళ్లకి హ్యాండిల్ దగ్గర చెక్క కనపడుతుంది.

నెలో రెండు నెలలో బాగా ఆడుతుంది. అది దిగాక మళ్లీ పూయకు, టాప్‌షీట్ ఈపాటికి ముసలిదైపోయి ఉంటుంది, కొత్తది కొనుక్కో.