అయిదేళ్ల పాపకు పియానో: ఇప్పుడా, ఇంకా ఆగాలా?

అమలాపురం నుంచి అడిగారు కదండీ, అయిదేళ్ల పాప చర్చిలో కీబోర్డు దగ్గర నుంచి కదలడం లేదు, ఇప్పుడే నేర్పించాలా, రెండో తరగతి దాకా ఆగాలా అని. నా మాట వింటే వయసు లెక్క పక్కన పెట్టి పాప వేళ్లు చూడండి. పియానో పాఠంలో బొటనవేలు 1, చిటికెనవేలు 5. బల్ల మీద చెయ్యి పెట్టించి "కుడిచేతి 3" అనండి. ఆ ఒక్క వేలితో కొట్టగలిగితే మొదలుపెట్టొచ్చు. పక్క వేళ్లు కూడా కాస్త లేస్తుంటే టెన్షన్ పడకండి, సాధనలో కుదురుతుంది. చెయ్యి చిన్నదని కూడా ఆగక్కర్లేదు, మొదటి పాటలన్నీ అయిదు మెట్ల (నొక్కే కీల) మీదే నడుస్తాయి. చదవడం పూర్తిగా రాకపోయినా పర్వాలేదు, స్వరాల పేర్లు ఇంగ్లీషు అక్షరాలు ఏ (A) నుంచి జీ (G) వరకు ఏడే.

ఒక పని మీద పది నిమిషాలు కూర్చుంటుందా? రోజూ ఆ పది నిమిషాలు మీలో ఒకరు పక్కన ఉండగలరా? నాకు ఈ రెండోదే ముఖ్యం. ఆ తీరిక లేకపోతే ఆరు నెలలు ఆగడమే మేలు.

పియానోకు 88 మెట్లున్నా ఇప్పటికి 61 మెట్ల కీబోర్డు చాలు, గట్టిగా నొక్కితే గట్టిగా పలికే రకం తీసుకోండి. పాత చెక్క పియానో చవగ్గా వస్తుందన్నా వద్దండీ, మన కోనసీమ తేమకు శ్రుతి నిలవదు.