సరంధ్ర లోహాలపై థీసిస్: అంశం ఇరుకైనదా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్‌లో పీజీ చేస్తున్నాను. విమాన శబ్దాన్ని తగ్గించడానికి వాడే సరంధ్ర లోహాలు (లోపలంతా చిన్న చిన్న రంధ్రాలుండే లోహాలు) భారం పడినప్పుడు ఎలా దెబ్బతింటాయన్న అంశాన్ని థీసిస్‌కు తీసుకోమని మా గైడ్ సూచించారు. అది మరీ ఇరుకైన అంశమని, ఉద్యోగానికి పనికిరాదని సీనియర్లు అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోండి. అయితే, నమూనాల మీద స్వయంగా పరీక్షలు చేసే అవకాశం మీకు ఉండి తీరాలి.

విమానం దిగేటప్పుడు ఇంజిన్ల జోరు తగ్గుతుంది కాబట్టి, రెక్కలు, ఫ్లాప్‌లు, చక్రాల మీదుగా దూసుకుపోయే గాలి చేసే రొదకు ప్రాధాన్యం పెరుగుతుంది. సుడులతో నిండిన గాలి రెక్క వెనుక అంచును దాటేటప్పుడు పుట్టే శబ్దం, గాలి వేగానికి ఐదో ఘాతంలో పెరుగుతుందని ఫౌక్స్ విలియమ్స్, హాల్ అనే పరిశోధకులు 1970లోనే సిద్ధాంతపరంగా చూపారు. ఆ అంచును గాలి చొరబడగల లోహంతో చేస్తే, పై వైపుకూ కింది వైపుకూ మధ్య ఉన్న పీడన భేదం హఠాత్తుగా కాక క్రమంగా సర్దుకుని శబ్దం తగ్గుతుంది. పెద్ద విమానాల కొత్త నమూనాలకు 2017 డిసెంబరు 31 నుంచి వర్తిస్తున్న ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) శబ్ద ప్రమాణం, అంతకు ముందున్న దానికంటే మూడు కొలత స్థానాలూ కలిపి 7 డెసిబెల్స్ కఠినమైనది. కాబట్టి ఈ దిశలో పరిశోధన అవసరం తగ్గేది కాదు.

చిక్కంతా బలం దగ్గర వస్తుంది. శబ్దం తగ్గాలంటే రంధ్రాలు ఎక్కువగా, ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. బలం కావాలంటే లోహం ఎక్కువ ఉండాలి. తెరిచిన రంధ్రాలున్న లోహపు నురగలో దృఢత్వం సుమారుగా సాపేక్ష సాంద్రత (ఘనలోహంతో పోల్చిన సాంద్రత) వర్గాన్ని (స్క్వేర్‌ను) అనుసరిస్తుంది, అంటే సాంద్రత ఘనలోహంలో పదో వంతు ఉంటే దృఢత్వం దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. ఇలాంటి పదార్థాన్ని రెక్క అంచున పెట్టాలంటే, అది ఎప్పుడు, ఎలా పాడవుతుందో ముందుగా తెలిసి ఉండాలి.

మీరు చేయబోయే పరీక్షను ఊహించుకోండి. నమూనాను వంచుతూ, మధ్యమధ్య భారం తీసి మళ్లీ వేస్తారు. పైకి నమూనా చెక్కుచెదరనట్టే ఉంటుంది, కానీ భారం తీసిన ప్రతిసారీ, ఎంత భారానికి ఎంత వంగిందో చూపే గ్రాఫ్‌లో గీత వాలు కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంది. రంధ్రాల మధ్య ఉన్న సన్నని గోడలు లోపల ఒక్కొక్కటిగా తెగుతున్నాయనడానికి అదే ఆనవాలు. ఆ నమూనానే, కోయకుండా లోపలి భాగాన్ని చూపే ఎక్స్‌రే సీటీలో చూస్తే పగుళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలుస్తుంది. రంధ్రాలు నలిగి మూసుకుపోతే గాలి ప్రవాహానికి నిరోధం పెరుగుతుంది, పగుళ్లు విచ్చుకుంటే తగ్గవచ్చు; ఈ నిరోధం మారితే శబ్దాన్ని తగ్గించే గుణమూ మారుతుంది. బలాన్నీ శబ్దాన్నీ ఒకే నమూనా మీద కలిపి చూసే ఈ భాగమే నా దృష్టిలో మీ థీసిస్‌కు ప్రాణం, దాన్ని మాత్రం వదలకండి.

ఇక ఉద్యోగాల మాట. సరంధ్ర లోహాల నిపుణులే కావాలనే ప్రకటనలు అరుదు, ఆ మేరకు మీ సీనియర్లు చెప్పినది నిజమే. కానీ సంస్థలు చూసేది అంశం పేరుకంటే మీ చేతికి వచ్చిన పనిని: ఫెటీగ్ పరీక్షలు (పదేపదే భారం వేసి చూసేవి), సీటీ చిత్రాల విశ్లేషణ, ఫైనైట్ ఎలిమెంట్ నమూనాలు (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కించేవి), ఫలితాల్లో అనిశ్చితిని లెక్కగట్టడం. ఎముక పెరిగి అతుక్కునేలా చేసే సరంధ్ర టైటానియం ఇంప్లాంట్లు, లోహపు ఫిల్టర్లు, హీట్ ఎక్స్ఛేంజర్లు, త్రీడీ ప్రింటింగ్‌తో చేసే జాలక నిర్మాణాలు, వీటన్నింటిలోనూ ఇదే నైపుణ్యం కావాలి. రెజ్యూమెలో థీసిస్ శీర్షికకంటే ముందు ఈ పనులనే రాయండి. విమాన రంగంలో కొత్త పదార్థానికి ఆమోదం రావడానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ ఒక్క రంగం మీదే ఆశ పెట్టుకోకండి.

అంశం ఖరారు చేసే ముందు మీ గైడ్‌ను మూడు విషయాలు అడగండి: నమూనాలు ఎవరు తయారుచేస్తారు, సీటీ యంత్రం మీద మీకు ఎంత సమయం దొరుకుతుంది, గాలి నిరోధం కొలిచే పరికరం ల్యాబ్‌లోనే ఉందా. మరొకరి డేటా మీద సిమ్యులేషన్లు మాత్రమే చేయాల్సి వస్తుందని తేలితే, చిన్నదైనా ఒక ప్రయోగ భాగాన్ని చేర్చమని కోరండి. అందుకు వీలుపడకపోతే వేరే అంశం చూసుకోవడమే మేలు.