ఛెత్రీ వీడ్కోలు చెబితే బెజవాడకు బాధ ఎందుకు?

క్రికెట్ అంటే చెవి కోసుకునే ఊళ్లో ఒక ఫుట్‌బాల్ ఆటగాడి రిటైర్మెంటుకు ఇంత దిగులేమిటని కొందరు అడిగారు. సునీల్ ఛెత్రీ పుట్టింది సికింద్రాబాదులో. ఆ మాత్రం చుట్టరికం చాలదా? అసలు కారణం మాత్రం ఆటే. భారత జట్టు తరఫున 2005లో పాకిస్తాన్‌పై తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి సెలవు తీసుకునేనాటికి 151 మ్యాచ్‌లలో 94 గోల్స్. పొడగరి కాదు. అయినా డిఫెండర్ భుజం వెనుక నుంచి అర అడుగు ముందుకు జారి, బంతి వచ్చేసరికి గాల్లో ఉండేవాడు. 2018లో ఖాళీ గ్యాలరీలు చూసి, తిట్టడానికైనా స్టేడియానికి రండని వేడుకున్నాడు. తర్వాతి మ్యాచ్‌కు ముంబయి కదిలొచ్చింది. కృష్ణ ఒడ్డున బంతి తన్నే పిల్లలు ఇప్పటికీ అతని 11వ నంబరు చొక్కా కోసమే కొట్లాడుకుంటారు. అన్నట్టు, 2025 మార్చిలో తిరిగొచ్చి మాల్దీవులపై తలతో గోల్ కొట్టాడు. కన్నీళ్లు పెట్టుకున్న మాకు కాస్త సిగ్గేసింది, అంతే.