ఆపిల్ తొక్క మిషన్: మేనకోడలికి ఒక జాబు

అనంతపురం

చి.ల.సౌ. మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

ఆపిల్ తొక్క తీసే చెయ్యి మిషన్ కొన్నావనీ, హ్యాండిల్ తిప్పితే పండుకు బదులు మిషనే బండ మీద జరుగుతోందనీ, తొక్క ఒకపక్క మందంగా వస్తూ ఇంకోపక్క అసలు రావడం లేదనీ రాశావు. మిషన్ పాడైందని తిప్పి పంపబోకు. కొత్తగా కొన్నవాళ్లకు చానామందికి వచ్చే చిక్కులే ఇవి. మొదటిది మీ వంటబండ వల్ల, రెండోది పండును ముండ్లకు గుచ్చిన తీరు వల్ల. మిషన్ కదలకూడదు, పండు నడిమిగా తిరగాలి. ఈ రెండూ కుదిరాక మిగతాది సులువు.

ముందర బండ సంగతి చెప్తాను. నీది అడుగున రబ్బరు చిప్ప, పక్కన మీట ఉన్న రకం. మీట తిప్పితే రబ్బరు నడుమ పైకి లేస్తుంది, కింద గాలి పలచబడుతుంది, బయటి గాలి ఒత్తిడికి మిషన్ బండను కరుచుకుంటుంది. వెంట్రుకంత సందు ఉన్నా గాలి దూరి ఆ పట్టు పోతుంది. మన కడప బండ గానీ బేతంచెర్ల నాపరాయి గానీ కంటికి చదునుగానే కనిపిస్తుంది, కానీ పాలిష్ పట్టనిదైతే చేత్తో రాస్తే గరుకు తెలుస్తుంది. దాని మీద ఈ రబ్బరు నాలుగు చుట్లు కూడా నిలవదు. పాలిష్ పట్టిన గ్రానైటు, మందపాటి అద్దం అయితే బాగా పట్టుకుంటుంది. చెక్క, ప్లాస్టిక్ గుడ్డ పరిచిన టేబుల్ పనికిరావు.

మీ వంటబండ మార్చాల్సిన పని లేదు. గ్రానైటు అమ్మే చోట మిగులు ముక్కలు పడి ఉంటాయి, తాడిపత్రి వైపు పాలిష్ పట్టేవాళ్లు చానామంది ఉన్నారు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ముక్క ఒకటి అడిగి తెచ్చుకో. 18 మిల్లీమీటర్ల మందం ఉంటే ఆరున్నర కిలోల దాకా తూగుతుంది, ఆ బరువుకే కదలకుండా కూర్చుంటుంది. దాని కింద తడిపి పిండిన గోనెపట్టా ముక్కో, పాత టవలో పరుచు. పైన నూనె జిడ్డు లేకుండా సబ్బుతో తుడిచి ఆరబెట్టు. రబ్బరు అంచును తడి వేలితో ఒక్కసారి రాసి, మిషన్ పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకునే మీట తిప్పు. నొక్కకుండా తిప్పితే రబ్బరు సగమే పడుతుంది. పని అయ్యాక మీట వదిలేసి, రబ్బరు అంచును గోటితో ఎత్తి గాలి పోనిచ్చి తీయాలి. మిషన్‌ను పట్టి లాగితే రబ్బరు చినుగుతుంది.

మీ వదినకు కొనిపెట్టాలంటే బండ అంచుకు స్క్రూతో బిగించే క్లాంపు రకం చూడు. అది మొండిది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. బండ అంచు బయటికి రెండంగుళాలన్నా పొడుచుకుని ఉంటేనే అది పడుతుంది, అంచు గుండ్రంగా అరగదీసి ఉంటే జారుతుంది. స్క్రూ నేరుగా నాపరాయికి బిగిస్తే రాయి పొర లేచిపోతుంది, మధ్యలో పలచని చెక్కముక్క పెట్టాలి.

మిషన్ కుదురుగా నిలిచాక, పండు లేకుండానే ఒకసారి తిప్పి చూడు. తొక్క తీసే బ్లేడు ఉన్న స్ప్రింగు చెయ్యిని వెనక్కి లాగి దాని కొక్కేనికి తగిలించు. బొటనవేలి మీట నొక్కి, మరలున్న పొడుగు కడ్డీని పూర్తిగా వెనక్కి లాగు, మీట వదులు, ఇప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపు హ్యాండిల్ తిప్పుకుంటూ పో. కడ్డీ చివర పండును గుచ్చే మూడు ముండ్లు ఉంటాయి, వాటి ముందు గింజల గది తొలిచి పండును చుట్టగా కోసే ఉంగరం బ్లేడు ఉంటుంది. ఆ ముండ్లు ఉంగరం లోపలి నుంచి దేనికీ తగలకుండా బయటికి రావాలి. టిక్కుటిక్కుమని తగులుతోందంటే ముండ్లు వంగాయో, ఉంగరం పక్కకు జరిగిందో. ఉంగరాన్ని పట్టే నట్టు వదులు చేసి, ముండ్ల మధ్యకు దాని మధ్య సరిపోయేలా జరిపి బిగించు. ఆ నట్టును అల్లుడి చేత అతిగా బిగించనీయొద్దు, మరలు కొట్టుకుపోతాయి. ఈ తనిఖీ చేయకుండా పండు పెడితే బ్లేడు అంచు మొదటి రోజే విరగొచ్చు.

ఇక పండు. మిషన్‌కు గట్టి పండే కావాలి. వేలితో నొక్కితే లోపలికి దిగకూడదు, కొరికితే కరకరలాడాలి. హిమాచల్ పండ్లు జులై ఆఖరు నుంచి, కశ్మీర్ పండ్లు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కొత్త కోతవి వస్తాయి, అవి మేలు. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్నవి మే, జూన్‌లలో అంగడిలో నిగనిగలాడుతూనే ఉంటాయి, లోపల మాత్రం రవ్వలాగా పొడిపొడి అయిపోయి ఉంటాయి. ఎర్రగా పొడుగ్గా ఉండే డెలీషస్ రకానికి ఈ రవ్వ జబ్బు త్వరగా పడుతుంది. అలాంటి పండును గుచ్చితే ముండ్లు లోపల గుంత తవ్వుతూ తిరుగుతాయి, పండు మాత్రం నిలబడిపోతుంది. కాస్త మెత్తబడిన పండైతే రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి చూడు, కొన్నిసార్లు దారికొస్తుంది. రవ్వ పడినదాన్ని ఏం చేసినా రాదు, చాకుతో చెక్కి హల్వాకు వాడుకో.

అడ్డంగా రెండున్నర అంగుళాల నుంచి మూడున్నర అంగుళాల పండు అయితే సరిగ్గా కుదురుతుంది. చిన్నదానికి బ్లేడు అందదు, పెద్దది ఇరుక్కుంటుంది. వంకరగా ఉన్నవాటిని, దెబ్బ తగిలినవాటిని ముందే వేరు చేసెయ్. పండ్ల మీద మెరుపు కోసం మైనం పూసి ఉండొచ్చు కాబట్టి గోరువెచ్చని నీళ్లలో గుడ్డతో రుద్ది కడిగి, పూర్తిగా తుడువు. తడి పండు చేతిలో జారుతుంది, నువ్వు గుచ్చేటప్పుడు వేలు ముండ్ల మీదికి పోతుంది.

గుచ్చడమే ఇందులో అసలు నేర్పు. తొడిమె పీకెయ్. పండును రెండు అరచేతులతో పట్టుకుని, తొడిమె గుంత మధ్యను మూడు ముండ్ల మధ్యకు చూసుకో. అవతలి కొనన ఎండిన పువ్వు బొడ్డు ఉంటుంది కదా, అది సూటిగా ఉంగరం మధ్యకు చూడాలి. పండు ఆకారం వంకరైనా సరే, తొడిమెకూ బొడ్డుకూ మధ్య గీతే లెక్క, ఎందుకంటే గింజల గది ఆ గీత మీదే ఉంటుంది. ముండ్లు మొదలంటా దిగేదాకా తిన్నగా తోయి, తిప్పుతూ తోస్తే రంధ్రం పెద్దదై పట్టు పోతుంది. ఇప్పుడు కొక్కెం వదిలి స్ప్రింగు చెయ్యిని మెల్లగా పండు మీదికి రానివ్వు. హ్యాండిల్‌ను తొందర లేకుండా ఒకే వడిగా తిప్పు. మామూలు పండుకు పన్నెండు, పదమూడు చుట్లు పడతాయి.

తొక్క రిబ్బన్ లాగా దిగుతుంటుంది. దాన్ని పారేసేముందు చేతిలోకి తీసుకుని చూడు, మిషన్‌కున్న రోగం అంతా దాని మీదే రాసి ఉంటుంది. ప్రతి చుట్టుకూ ఒకేచోట తెగుతోందంటే పండు నడిమిగా గుచ్చలేదు. ఒక అంచు మందంగా గుజ్జుతో, ఇంకో అంచు కాగితంలా ఉంటే బ్లేడు ఒరిగి ఉంది. తొక్క అంతా మందంగా, వెనకంతా తెల్లటి గుజ్జుతో వస్తే బ్లేడు ఎక్కువ బయటికి పొడుచుకుని ఉంది, దాని నట్టు వదులు చేసి వెంట్రుక వాసి లోపలికి జరుపు. ఒకేసారి ఎక్కువ జరపొద్దు, జరిపిన ప్రతిసారీ ఒక పండు తీసి చూడు. పండు మీద స్క్రూ మరల్లాగా చుట్టూ సన్నని ఎర్రగీతలు మిగిలితే బ్లేడు తక్కువ దిగుతోంది, లేదా మొద్దుబారింది. తొక్క రిబ్బన్‌గా కాకుండా తునకలు తునకలుగా, చింపినట్టు వస్తే అది తప్పకుండా మొద్దుబారడమే. పెన్సిలుకు సన్న రకం గరుకు కాగితం చుట్టి, బ్లేడు వాలుగా అరగదీసిన వైపున మాత్రమే ఒకే దిశలో ఏడెనిమిది సార్లు రుద్దు. రెండు వైపులా రుద్దితే కోత పోతుంది. తొడిమె గుంతలోనూ బొడ్డు దగ్గరా మిగిలే తొక్క ఏ మిషన్‌తోనూ పూర్తిగా రాదు, చాకు మొనతో తీసెయ్.

తిప్పడం అయ్యేసరికి పండు ఉంగరం అవతల స్ప్రింగు చుట్టలాగా నిలిచి ఉంటుంది, గింజల గది ముండ్ల మీద మిగులుతుంది. చుట్టను తీసేటప్పుడు బ్లేడు వైపు వేళ్లు పోనివ్వొద్దు, పిల్లలను దగ్గరికి రానీయొద్దు. బొటనవేలి మీట నొక్కి కడ్డీ వెనక్కి లాగితే ఆ గది చాలావరకు ఊడివస్తుంది. రాకపోతే చెంచా వెనక భాగంతో తోయి. చుట్టను నిలువునా ఒక్క కోత కోస్తే ఉంగరాలు విడిపోతాయి. ముక్క మందం అంగుళంలో పావు దాకా ఉంటుంది. అది కడ్డీ మీది మరల మధ్య దూరాన్ని బట్టి వచ్చేది కాబట్టి దాన్ని మార్చలేవు. తొక్క మాత్రమే తీసి పండు గుండ్రంగా ఉండాలంటే ఉంగరం బ్లేడును నట్టు విప్పి పక్కన పెట్టు.

కోసిన ముక్క గాలి తగిలితే నిమిషాల్లో ఎర్రబడుతుంది. అది చెడిపోవడం కాదు, పండులోని కొన్ని పదార్థాలు ఎంజైము సాయంతో గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం. తిప్పడం మొదలుపెట్టక ముందే లీటరు నీళ్లకు అర టీస్పూను ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలిపి దబరాలో పక్కన పెట్టుకో. చుట్టలను నేరుగా అందులో వెయ్, పది నిమిషాలు చాలు. గంటలు నానితే తీపి నీళ్లలోకి పోతుంది.

ఒకటి రెండు పండ్లకు ఈ మిషన్ తీయకు, తినే సమయం కన్నా కడిగే సమయం ఎక్కువ. ఇది పుట్టింది కూడా బస్తాల లెక్కన పని ఉన్న చోట. అమెరికాలో మోజెస్ కోట్స్ అనే ఆయన 1803లోనే ఆపిల్ తొక్క తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు, అక్కడ ఇళ్లలో చలికాలానికి ఆపిళ్లు ఎండబెట్టుకునేవాళ్లు. నువ్వు కూడా మూడు నాలుగు కిలోలు ఉన్నప్పుడే తీసి, మన ఎండను వాడుకో. ఇంత పొడి ఎండ అందరికీ దొరకదమ్మా. అక్టోబరు, నవంబరు వానల్లో మాత్రం పెట్టుకోవద్దు, బూజు పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలలో గట్టి పండ్లు ఇంకా దొరుకుతాయి, ఎండా ముదురుతుంది. ముక్కలను నీళ్లోడ్చి మిద్దె మీద శుభ్రమైన బట్ట మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, పైన పలచని వలబట్ట కప్పు. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసుకురా. రెండు మూడు రోజులకు తోలులాగా వంగుతాయి. ఒకటి చించి నొక్కితే చినిగిన చోట చెమ్మ కనిపించకూడదు. కిలో పండ్లకు 100 నుంచి 120 గ్రాములు మిగులుతుంది. డబ్బాలో పోసేముందు రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు గుడ్లు చచ్చిపోతాయి. తొక్కలను పారేయకు, జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ అనే పదార్థం అందులో ఎక్కువగా ఉంటుంది. గింజలు లేకుండా చూసి పలచని బట్టలో మూటకట్టి జామ్ ఉడికేటప్పుడు వేస్తే జామ్ గట్టిపడుతుంది, దించేముందు మూట పిండి తీసెయ్.

ఉర్లగడ్డలు కూడా పెట్టొచ్చా అని అడిగావు. గుండ్రటి గట్టి గడ్డలైతే తొక్క బాగా వస్తుంది, ఉంగరం బ్లేడు మాత్రం తీసెయ్, లేకుంటే గడ్డ నడుమ బొక్క పడుతుంది. ఉంగరం పెట్టి కోసినా చిప్స్‌కు ఆ మందం ఎక్కువ, కూరకే పనికొస్తుంది. గట్టి పియర్ పండు పెట్టొచ్చు. చీనీకాయ పెట్టొద్దు, లోపల తొనలు నలిగి రసం కారిపోతుంది. మామిడికాయ టెంకకు ముండ్లు దిగవు, బలవంతం చేస్తే వంగుతాయి. జామకాయ నడుమ గింజల గుజ్జులో ముండ్లకు పట్టు దొరకదు.

చివరిగా శుభ్రం చేయడం, దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకు. ఆపిల్ రసంలో పులుపు ఉంది, ఇనుప కడ్డీ మీద రాత్రంతా ఉంటే తెల్లారేసరికి తుప్పు మరక కనిపిస్తుంది. నీళ్లలో నానబెట్టొద్దు. బ్లేడుకు చుట్టుకున్న నారను పాత పళ్ల బ్రష్‌తో తీసి, తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడువు. మన బోరు నీళ్లను ఆరనిస్తే మరల మధ్య తెల్లటి ఉప్పు పేరుకుని హ్యాండిల్ బరువెక్కుతుంది. ఎండలో అరగంట పెట్టి, మరలకు రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, రాసినట్టు కనిపించనంతగా తుడిచెయ్. శెనక్కాయ నూనె వద్దు, నిలవ ఉంటే బంక కడుతుంది. రబ్బరు చిప్పకు ఏ నూనే తగలనీయకు. స్ప్రింగు చెయ్యి సాగిపోకుండా కొక్కెం నుంచి వదిలి ఉంచు, ముండ్లకు ఒక చిన్న కార్కు ముక్క గుచ్చి, అందరి చేతికీ అందని పై అరలో పెట్టు.

మీ నాయనకు నమస్కారాలు చెప్పు. గ్రానైటు ముక్క తెచ్చాక మొదటి పండు తొక్క ఎట్లా వచ్చిందో రాయి.

ఇట్లు,
మీ అత్త